బండా, ఇల్లా?

పోయిన నెల మా ఆఫీసులో పనిచేసే ఒక కుర్రవాడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. జీపు వెనుక తగిలించుకునే క్యాంపర్ ట్రెయిలర్‌ను ఎవరో ఇంటి దగ్గరే కట్టుకున్నారు. లోపల గీజరుతో స్నానాల గది, ఏసీ, గోడకు టీవీ, వెనుక తలుపు పైకెత్తితే పూర్తి వంటగది. చివరి దృశ్యంలో అది కొండల మధ్య రాళ్ళబాట మీద ఊగుతూ పోతోంది. "అన్నా, నువ్వు గూడ ఒకటి కట్టినవంట కదా, డ్రాయింగులు ఇస్తవా?" అని అడిగాడు. వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. నా దగ్గర ఉన్నవి రెండు బండ్ల డ్రాయింగులు. మొదటిది అతను చూసిన వీడియోకు చాలా దగ్గరగా ఉంటుంది, అందుకే ఇవ్వాలనిపించలేదు. రెండోదాన్ని చూస్తే నిరాశపడతాడు.

ఆ నిరాశ ఎందుకు అవసరమో అతనికి క్యాంటీనులో పది నిమిషాల్లో చెప్పలేకపోయాను కనుక ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ఇది: మట్టిదారిలో తిరగడానికి సొంతంగా ట్రెయిలర్ కట్టుకునేవారు మొదట నిర్ణయించుకోవలసింది గది పొడవూ కాదు, పరుపు వెడల్పూ కాదు, మొత్తం బరువు. మిగిలినవన్నీ ఆ అంకె లోపల సర్దుకోవాలి. మనం చేసేది దీనికి తలకిందులు. కావలసినవన్నీ వరుసగా రాసుకుని, వాటి చుట్టూ గోడలు కట్టి, కింద చక్రాలు బిగించి, అప్పుడు దాన్ని లాగడం మొదలుపెడతాం.

ధర్మకాంటా మీద

మొదటి బండిని బాలానగర్‌లోని ఒక షెడ్డులో కట్టించాను. మా వెల్డరు భాయి చాలా ఏళ్ళు లారీ బాడీలు కట్టిన మనిషి. చాసిస్, అంటే బండి అడుగు చట్రం, కోసం 50 మిల్లీమీటర్ల చదరపు ట్యూబు, 3 మిల్లీమీటర్ల మందంతో, గీసి తీసుకువెళ్ళాను. ఆయన నమూనా ముక్కను వేళ్ళతో తట్టి, "సార్, గిది కుర్చీలకు పనికొస్తది. మీరేమో జంగల్ల తిరుగుతా అంటున్నరు. జర గట్టిది ఏస్కోండ్రి" అన్నాడు. నేను ఇంజనీరునే అయినా, ఇనుము ముందు నిలబడి, దానితోనే బతికిన మనిషి చెప్పినప్పుడు కాదనలేకపోయాను. 72 మిల్లీమీటర్ల ట్యూబు, దాదాపు 5 మిల్లీమీటర్ల మందంతో వేశాం. నేను అనుకున్న ట్యూబు మీటరుకు నాలుగుంపావు కిలోలు తూగుతుంది, ఇది పది. మా చాసిస్‌కు 22 మీటర్లు పట్టింది. అంటే ఒక్క పూటలో, ఒక్క మాటతో, 125 కిలోలు పెరిగాయి.

తప్పంతా ఆయన మీద వేయడం న్యాయం కాదు. గోడలకు 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలని లెక్క చెబుతున్నా, తట్టితే డప్పులా మోగుతోందని 18 మిల్లీమీటర్లది తెప్పించింది నేనే. ఎనిమిదడుగుల పలక ఒక్కొక్కటి 37 కిలోలు, అలాంటివి తొమ్మిది పట్టాయి. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే 150 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ, 58 కిలోలది, అంతకుముందే కొని ఉంది కదా అని ఎక్కించాను. నీళ్ళు తక్కువైతే ఎలా అని వంద లీటర్ల ట్యాంకు. ఇంట్లో ఉన్నదే కదా అని పెద్ద గ్యాస్ బండ, నిండుగా 29 కిలోలు. అన్నిటికీ మించినది మా బావమరిది కానుక. అతను అప్పుడే ఇల్లు కట్టుకుంటున్నాడు. వంటగట్టుకు మిగిలిన గ్రానైటు ముక్కను ఆటోలో వేసుకుని వచ్చి, "బావా, స్టీలు రేకు మీద కూరగాయలు తరిగితే అక్కకు ఏం బాగుంటది, ఇది పెట్టు" అన్నాడు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు పైచిలుకు, 32 కిలోలు. పెట్టాను. అందంగానే ఉంది.

వీటిలో ఏ ఒక్క నిర్ణయమూ విడిగా చూస్తే తెలివితక్కువది కాదు. ఇబ్బందంతా అక్కడే ఉంది. ప్రతి వస్తువుకూ ఒక న్యాయవాది ఉంటాడు, మొత్తం తరఫున మాట్లాడేవాడు ఎవడూ ఉండడు. నా మనసులో మాత్రం బండి ఏడువందల కిలోలని ఒక నమ్మకం స్థిరపడిపోయింది. మొదటి ప్రయాణం ముగించుకుని వచ్చాక, ఇసుక లారీల వరుసలో నిలబడి, ధర్మకాంటా మీద తూయించాను. చీటీ మీద 1,140 అని అచ్చయింది. కాంటా కుర్రవాడు లోపలి నుంచి తల బయటపెట్టి, "లోడు ఏముంది సార్?" అని అడిగాడు. పరుపులు, గిన్నెలు అని చెప్పాను. అతను నమ్మలేదు.

కంది చేల మధ్య

తూయించుకోవాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందో చెప్పాలి. చేవెళ్ళ మీదుగా వికారాబాద్ వైపు బయలుదేరాం. ఆ దారి మర్రిచెట్ల గురించి హైదరాబాదువారికి నేను చెప్పనక్కరలేదు. వేగం డెబ్బై దాటిన చోట, ఎదురుగా వచ్చిన బస్సు గాలి తగలగానే, వెనుక బండి ఒకసారి కుడికి ఊగింది. తర్వాత ఎడమకు, మొదటిదానికంటే ఎక్కువ. మూడో ఊపుకు జీపు తోక కూడా దానితో కదలడం మొదలైంది. రెండు పక్కలా మనిషి కౌగిలికి అందని మర్రి మొదళ్ళు. బ్రేకు జోలికి పోకుండా యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేయాలని ఎక్కడో చదివింది గుర్తుండటం మా అదృష్టం. నలభైకి దిగాక గానీ అది కుదుటపడలేదు. సాయంత్రం అనంతగిరి కొండలు దిగుతుంటే బ్రేకులు కాలిన వాసన వచ్చింది. సొంత బ్రేకులు లేని 1,140 కిలోలను మా పాత బొలెరో జీపు ఒక్కటే ఆపవలసి వచ్చింది మరి. ఐరోపా దేశాల్లో బ్రేకులు లేని ట్రెయిలర్‌కు 750 కిలోలు పరిమితి అన్న సంగతి నాకు అప్పటికి తెలియకపోలేదు. నాది దాని లోపలే ఉందనుకున్నాను.

మర్నాడు తాండూరు వైపు కంది చేల మధ్య బాటలో దిగబడ్డాం. సెప్టెంబరు చివర, ముందు రాత్రి వాన పడింది. నల్లరేగడి తడిస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళకు తెలుసు: చక్రానికి చుట్టుకుని, మట్టి మీద మట్టి పేరుకుని, చివరకు చక్రం, మడ్‌గార్డు, నేల ఒకే ముద్దగా మారతాయి. టైర్లలో గాలి తగ్గించి చూశాం, రాళ్ళు పెట్టి చూశాం. జీపును విడదీసి ముందుకు తీసుకుపోగలిగాం గానీ బండి ఇరుసు దాకా కూర్చుండిపోయింది.

చేలో నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. మాతో ఏమీ మాట్లాడకుండా బండి చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీయించి లోపలికి చూసి, "ఏంది బిడ్డా ఇది, బండా, ఇల్లా?" అన్నాడు. రెండూ అని చెప్పాను. ఆయన ముందుకు వచ్చి, జీపు నుంచి విడదీసి ఉన్న లాగుడు కడ్డీని ఒంటి చేత్తో పట్టి పైకెత్తాడు. తేలికగా లేచింది. దాన్ని అలాగే పట్టుకుని నావైపు చూసి, "గింత బండికి నొగ గింత అల్కగ ఉన్నదేంది? బరువంత ఎన్కకు పడ్డది. ఎద్దులైతే మెడకు ఉరి పడుతుండె" అన్నాడు.

ఎడ్లబండి తోలినవారికి ఇది అక్షరాభ్యాసం. బరువు వెనక్కు మొగ్గితే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎద్దుల మెడల మీద నుంచి లేచి, గొంతు కింది పలుపులు బిగుసుకుంటాయి. ముందుకు మరీ మొగ్గితే మెడలు కాయ కాస్తాయి. అందుకే గడ్డి అయినా వడ్ల బస్తాలయినా ఇరుసుకు కొంచెం ముందుకు పడేలా సర్దుతారు. ఇదే సంగతిని ట్రెయిలర్ పుస్తకాలు మొత్తం బరువులో దాదాపు పదో వంతు కొక్కెం మీద పడాలని చెబుతాయి. అది నేను చదివాను, డ్రాయింగు మీద రాసుకున్నాను కూడా. అయితే వంటగది, నీళ్ళ ట్యాంకు, స్పేరు టైరు, గ్రానైటు, అన్నీ వెనుక వైపుకు చేరుతుంటే ఒక్కసారైనా కడ్డీని ఎత్తి చూడలేదు. ఇంటికి వచ్చాక స్నానాల గదిలోని బరువు యంత్రాన్ని దాని కింద పెట్టి చూస్తే 30 కిలోలు చూపించింది. ఉండవలసింది 114. మర్రిచెట్ల మధ్య ఊపుకు కారణం అదే.

ట్రాక్టరు తెచ్చి లాగారు. ముందు బండిలోంచి సామాను దింపించారు. గ్రానైటు ముక్కను ఇద్దరు మోసి గట్టు మీద పెడుతుంటే పెద్దాయన, "ఇది గూడ అడివికి తీస్కపోతున్నరా?" అని అడిగాడు. మా ఆవిడ అటు తిరిగి నవ్వుకుంది. ఆ గ్రానైటు తమ్ముడు తెచ్చినదని ఆమె ఆయనకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

మందం వేరు, బలం వేరు

బరువైనదైతేనేం, గట్టిగా ఉంటుంది కదా అనే వాదన ఒకటి ఉంది. నేనూ కొంతకాలం దాన్ని పట్టుకుని వేలాడాను. ఆ యాత్ర తర్వాత బండిని ప్రెషరు నీళ్ళతో కడిగి రెండు రోజులు ఎండలో వదిలేశాను. మూడో రోజు లాగుడు కడ్డీ, చాసిస్ ముందు అడ్డకమ్మీని కలిసే చోట, పెయింటు మీద వెంట్రుక మందాన ఒక తుప్పు గీత కనిపించింది. గోటితో గీరితే పోలేదు. పెయింటు గీకి చూస్తే కింద ఇనుములోనే పగులు ఉంది, వెల్డింగు అంచు వెంబడి, పై ముఖానికి అడ్డంగా రెండంగుళాలు.

కారణం ట్యూబు మందం కాదు, వెల్డింగు దిశ. కడ్డీ వంగినప్పుడు లాగుడంతా దాని పై ముఖం, కింది ముఖం మీద పడుతుంది. సరిగ్గా అక్కడే అడ్డంగా వెల్డు వేస్తే, ఆ అంచు దగ్గర ఇనుము వేడికి గుణం మారి, చిన్న గాడి పడి, ప్రతి కుదుపుకూ ఆ గాడి కొంచెం కొంచెం తెరుచుకుంటుంది. పక్క ముఖాల మీద, పొడవు వెంట వెల్డు వేసి, మూలకు కోణపు పలకలు అతికి ఉంటే నేను మొదట గీసిన 50 మిల్లీమీటర్ల ట్యూబే నిలబడేదని నా నమ్మకం. పైగా ఎక్కువ బరువుంటే ప్రతి గుంతలోనూ ఆ కీలు మీద దెబ్బ ఎక్కువగా పడుతుంది. గట్టిదనం కోసం చేర్చిన ఇనుమే పగులు త్వరగా రావడానికి తోడ్పడిందన్నమాట. వెల్డరు భాయికి ఫోటో పంపితే, "లారీకైతే గిట్లనే ఏస్తం సార్" అన్నాడు. నిజమే కావచ్చు. లారీ చాసిస్ వేరు, రెండు చక్రాల బండి ముక్కు వేరు.

కమాన్ పట్టీల, అంటే ఇరుసు మీద కుదుపులను మింగే ఉక్కు స్ప్రింగు పట్టీల, కథ కూడా ఇలాంటిదే. పాత సామాన్ల దుకాణంలో దొరికిన జీపు ఇరుసుతో పాటు ఏడు పట్టీల కట్ట వచ్చింది, అలాగే బిగించాం. నీళ్ళు, సామాను లేకుండా లాగితే ఆ కట్ట వంగదు, బండి మొత్తం కప్పలా గెంతుతుంది, లోపలి మరలు ఒక్కొక్కటే ఊడివస్తాయి. రెండు పట్టీలు తీయించాక గెంతడం తగ్గింది. రెండో ప్రపంచ యుద్ధంలో జీపు వెనుక లాగిన పావు టన్ను ట్రెయిలర్ ఖాళీ బరువు సుమారు 250 కిలోలు. మిట్టపల్లాల్లో దాని మీద వేయడానికి అనుమతించిన సరుకు కూడా 230 కిలోలకు లోపే. యుద్ధభూమిలో తిరిగిన బండికి చాలిన ఇనుము వికారాబాద్ దగ్గరి కోటిపల్లి చెరువు గట్టుకు చాలదని నేను ఎలా అనుకున్నానో ఇప్పుడు అర్థం కాదు.

అమ్మ మోకాళ్ళు

ఇంతవరకు చదివినవారిలో కొందరు, ముఖ్యంగా ఆడవారు, ఇదంతా నడి వయసు మగవాడి తపస్సులా ఉందని అనుకోవచ్చు. మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది. బరువు ఒక్కటే కొలమానమైతే ట్రెయిలరే అక్కరలేదు, జీపు వెనుక ఒక గుడారం, రెండు చాపలు చాలు. మా అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. నేల మీద పడుకుంటే లేవలేదు. రాత్రివేళ చెట్ల చాటుకు వెళ్ళమని ఆమెతో గానీ మా ఆవిడతో గానీ అనడం మర్యాద కాదు, క్షేమమూ కాదు. లోపలి నుంచి గడియ పడే తలుపు ఉండటం మగవాళ్ళకు సౌకర్యంగా కనిపించవచ్చు, ఆడవాళ్ళకు అది లేకపోతే నిద్రే లేదు. "నీ లెక్కలో కిలోలు ఉన్నాయి గానీ మనుషులు లేరు" అని మా ఆవిడ అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది.

చాలా రోజులు ఆలోచించాక నాకు తోచినది, వస్తువులను మనిషి శరీరం అడిగేవి, ఇల్లు అడిగేవి అని విడదీయడం. మోకాలి ఎత్తు మంచం, గడియ ఉన్న తలుపు, ఎత్తి పక్కన పెట్టుకోగల చిన్న మరుగుదొడ్డి డబ్బా, వీటిని శరీరం అడుగుతుంది. డబ్బా ఖాళీగా ఆరు కిలోలు మాత్రమే. గ్రానైటును, మందపాటి గోడను, చెక్క సొరుగులను, గీజరును ఇల్లు అడుగుతుంది, ఎందుకంటే ఇల్లు కదలదు. ఈ విభజన కచ్చితమైనదని చెప్పను. ఫ్యాను ఎందులోకి వస్తుంది? ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎవరైనా అది శరీరం అడిగేదే అంటారు. మా ఆవిడ ఏసీని కూడా అందులోనే చేర్చబోయింది. ఏప్రిల్‌లో వెళ్ళకూడదన్న ఒప్పందం మీద ఆ చర్చ ముగిసింది.

డబ్బు ఆదా అవుతుందనే వాదన గురించి ఒక్క మాటే. రెండు బండ్లకు కలిపి ఐదున్నర లక్షలు అయింది. ఇప్పటికి 31 రాత్రులు బయట పడుకున్నాం. రాత్రికి 17,700 రూపాయల పైమాటే. హరిత హోటల్లో గది తీసుకోవడం ఎంత లాభమో మీరే చూసుకోండి.

నంబరు పలక

ఇక ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఉంది. ఆ మొదటి బండికి నంబరు లేదు. ఇంజను లేదు కనుక అక్కరలేదని ఎవరో చెబితే నమ్మాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ట్రెయిలర్ కూడా ఉంది. 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేకుండా దాన్ని రోడ్డు మీదకు తీసుకురాకూడదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది కూడా. మర్రిచెట్ల మధ్య ఆ మూడో ఊపులో ఎదుటి బస్సుకు ఏమైనా జరిగి ఉంటే, ఏ కాగితమూ లేని బండికి బీమా కూడా ఉండేది కాదు. ఈ ఆలోచన వచ్చినప్పుడు ఇప్పటికీ కడుపులో దడగానే ఉంటుంది.

మన నిబంధనలు సొంతంగా కట్టుకునేవాడిని ఊహించుకుని రాసినవి కావని నాకు ఫిర్యాదు ఉంది. ఆస్ట్రేలియాలో నాలుగున్నర టన్నుల లోపు ట్రెయిలర్ కట్టుకునే మామూలు మనిషి కోసం ప్రభుత్వమే ఒక మార్గదర్శక పుస్తకం వేసింది. దీపాలు ఎక్కడ, గొలుసులు ఎలా, ఎంత బరువుకు ఏ బ్రేకు, అన్నీ అందులో ఉన్నాయి. ఇక్కడా అటువంటిది ఉంటే బాగుండును. అయితే నా మొదటి బండిని ఎవరైనా పరీక్షకు తీసుకుని ఉంటే ఏం చేసేవారు? కాంటా ఎక్కించగానే వెనక్కు పంపేవారు, పంపడమే సరైనది. రిజిస్ట్రేషను కాగితంలో ఖాళీ బరువుకు ఒక గడి ఉంటుంది. డ్రాయింగు గీసేటప్పుడే ఆ గడిని నింపే అలవాటు ఉంటే సగం తప్పులు చేసేవాణ్ణి కాదు.

రెండో బండి

రెండోసారి చాసిస్‌ను నేను కట్టలేదు. ఆమోదం పొందిన చిన్న చాసిస్‌ను నంబరుతో, కాగితాలతో సహా కొన్నాను, చక్రాలతో కలిపి 290 కిలోలు. దాని మీద అల్యూమినియం చట్రంతో, పలుచటి ప్లైవుడ్, నురుగు పలకలతో ఒక పెట్టె కట్టి, ఎనిమిది బోల్టులతో బిగించాను. విప్పితే అది సరుకు, బిగిస్తే మా గది. చట్టం దాన్ని సరుకుగానే చూస్తుందా అన్న సందేహం నాకు పూర్తిగా తీరలేదు, అందుకే పెట్టెను చాసిస్‌కు ఎక్కడా వెల్డు చేయలేదు. సీసపు బ్యాటరీ స్థానంలో వంద ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ, 12 కిలోలు. సీసపుదాన్ని అడుగుదాకా వాడకూడదు, దీన్ని దాదాపు అడుగుదాకా వాడుకోవచ్చు కనుక అంతకు అంత కరెంటూ ఇస్తోంది. 160 వాట్ల సోలారు పలక, నలభై లీటర్ల నీళ్ళు, ఐదు కిలోల చిన్న గ్యాస్ బండ. చక్రాల మధ్య దూరం జీపుకు సరిపోయేలా చూసుకున్నాను, బురదలో జీపు వేసిన జాడలోనే ఇది నడుస్తుంది. టైర్లు రెండింటికీ ఒకటే, స్పేరు ఒక్కటి చాలు. వంట బయటే, మడత బల్ల మీద. ధర్మకాంటా చీటీలో 590. కొక్కెం మీద 55.

ఇదంతా కొత్త సంగతేమీ కాదని మేడారం వెళ్ళినప్పుడు తెలిసింది. 2024 ఫిబ్రవరి జాతరకు రెండో బండితో వెళ్ళాం. మా చుట్టూ ట్రాక్టరు ట్రాలీలు, వాటి మీద వంచిన వెదురు బద్దలు, పైన టార్పాలిన్, లోపల గడ్డి పరిచి దుప్పట్లు, పక్కన మూడు రాళ్ళ పొయ్యి, ట్రాలీ చక్రానికి కట్టేసిన కోళ్ళు. నాలుగు రోజుల కాపురం, ఒక్క వస్తువు కూడా బండికి బిగించి లేదు. ఒకప్పుడు ఇదే సవారి కచ్చరాల్లో, అంటే మనుషులు ఎక్కే ఎడ్లబండ్లలో, జరిగేదని మా పక్క ట్రాలీ ముసలమ్మ చెప్పింది. ట్రాలీల్లో మనుషులను ఎక్కించడం ప్రమాదం, చట్టవిరుద్ధం కూడా, దాన్ని గొప్ప చేయబోవడం లేదు. ఆ సర్దుబాటును మాత్రం నేను చాలాసేపు చూశాను. తిరిగి వెళ్ళేటప్పుడు అదే ట్రాలీలో ఎరువుల బస్తాలు వస్తాయి.

కుర్రవాడికి రెండో బండి డ్రాయింగులు ఇచ్చాను. ఊహించినట్టే మొహం చిన్నబోయింది. మొదటివి ఏవని అడిగితే అవి కూడా ఇచ్చాను, పక్కన బరువుల పట్టీతో. వారం తర్వాత వచ్చి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కాకుండా 12 అయితే సరిపోతుందా అని అడిగాడు.

మాకు మేము పెట్టుకున్న పరిమితి 650. ఇంకా అరవై కిలోలు మిగిలి ఉన్నాయి. మా ఆవిడ బండి పక్కకు తెరుచుకునే గుడ్డ పందిరి ఒకటి చూసింది, 18 కిలోలు. వానలో వంట చేసేది తనే కనుక అది శరీరం అడిగేదేనని అంటోంది. జీపుకూ చెట్టుకూ మధ్య టార్పాలిన్ కడితే మూడు కిలోలతో పోతుందని నేను అంటున్నాను. అమ్మ పందిరి వైపే ఉంది.